వెనక్కి తీయాల్సిన సరుకు

బట్టల దుకాణంలో ఒకసారి అల్మారా ఎక్కిన సరుకును వెనక్కి తీయడం మామూలు పని కాదు. కారేపల్లి బజారులో మా నాన్న బట్టల కొట్టు నడిపిన రోజుల్లో ఆ పని ఎంత బరువో దగ్గరుండి చూశాను. తడిపితే రంగు పోయే తాను, మధ్యలో పోగు తెగిన చీర, కొలతకు తగ్గిన పంచె. వీటిని మూటగట్టి ఖమ్మంలో హోల్‌సేల్ వాళ్ళకు తిప్పి పంపేవారు. వాళ్ళు పుచ్చుకోవడానికి సణిగేవారు. నష్టంలో కొంత మా మీదే పడేది. అయితే అవన్నీ బట్టలో లోపాలు. కుట్టు చక్కగా ఉండి, రంగు నిలిచి, నేత గట్టిగా ఉండి, అయినా కొట్లోంచి తీసేయాల్సిన సరుకు ఒకటి ఉంటుందని అప్పట్లో మాకెవరికీ తట్టలేదు.

2019 ఫిబ్రవరిలో ఇటలీకి చెందిన గూచీ కంపెనీ అలాంటి సరుకునే వెనక్కి తీసింది. నల్ల ఉన్ని స్వెటర్. మెడ దగ్గరి భాగాన్ని పైకి లాగితే ముక్కు దాకా ముఖాన్ని కప్పుతుంది. నోటి దగ్గర రంధ్రం, దాని చుట్టూ లావుపాటి ఎర్ర పెదవులు. ధర 890 డాలర్లు. ఫొటోలో దాన్ని తొడుక్కున్నది ఒక తెల్లమ్మాయి. బొమ్మ బయటికొచ్చిన వెంటనే అమెరికాలోని నల్లవాళ్ళు మండిపడ్డారు. కంపెనీ క్షమాపణ చెప్పి దుకాణాల్లోంచీ, ఆన్‌లైన్‌లోంచీ దాన్ని తీసేసింది.

వాళ్ళ కోపం తెలియాలంటే ఆ దేశపు పాత నాటకాల సంగతి తెలియాలి. 1830ల నుంచి అక్కడి తెల్లనటులు కాల్చిన బెండు మసి ముఖానికి పులుముకుని, పెదవులు పెద్దవిగా దిద్దుకుని, నల్లవాళ్ళను వెర్రివాళ్ళుగా, సోమరులుగా, దొంగలుగా ఆడి చూపిస్తూ డబ్బు చేసుకున్నారు. ఆ వేషానికి జనం విరగబడి నవ్వారు. అలా నవ్విన దేశంలోనే నల్లవాళ్ళు సంతలో అమ్ముడుపోయారు, తర్వాతి రోజుల్లో చెట్లకు వేలాడారు. ఆ నవ్వు లేకపోతే ఆ ఉరి అంత తేలికయ్యేది కాదని నా నమ్మకం. ముందు మనిషిని నవ్వులాటగా మార్చాలి. తర్వాత ఏం చేసినా ఎవరికీ పట్టదు. ఈ సంగతి తెలిసినవాళ్ళకు ఆ స్వెటర్ స్వెటర్‌లా కనిపించదు. గూచీ గొడవ నడుస్తున్న ఆ నెలలోనే లండన్‌లో బర్బెరీ వాళ్ళు మెడ దగ్గర ఉరితాడులా ముడివేసిన హుడీని ర్యాంపు మీద నడిపించారు. దాన్నీ వెనక్కి తీసుకున్నారు.

మాకు ఆ ఉద్దేశం లేదు అన్నారు అందరూ. నిజంగానే లేకపోవచ్చు. రంగు పోయే తాను పంపిన మిల్లువాడికి కూడా మా మీద కక్షేమీ ఉండేది కాదు. అయినా తాను వెనక్కి వెళ్ళేది, ఎందుకంటే దాని రంగు అవతలివాళ్ళ బట్టలకు అంటుకునేది. ఈ విషయంలో నాకు ఏ మాత్రం ఊగిసలాట లేదు. ఒక జాతి ఒంటి రంగునో, పెదవుల తీరునో, వాళ్ళ మీద జరిగిన హింసనో అలంకారంగా మార్చిన బట్ట ఏదైనా సరే అల్మారాలోంచి దిగాల్సిందే. ఉద్దేశం గురించి తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

కానీ ఒక మనిషి మాట చాలాకాలం నన్ను ఆలోచనలో పెట్టింది. 2018 జనవరిలో హెచ్ అండ్ ఎమ్ కంపెనీ పిల్లల ఆకుపచ్చ హుడీ ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని మీద, అడవిలోకెల్లా సొగసైన కోతిని నేనే అన్న అర్థంలో ఇంగ్లిషు మాట రాసి ఉంది. ఫొటో కోసం దాన్ని ఒక నల్ల పిల్లవాడికి తొడిగారు. గగ్గోలు పుట్టింది. దక్షిణాఫ్రికాలో ఆ కంపెనీ దుకాణాల్లోకి ఆందోళనకారులు దూసుకెళ్ళారు, సామాను ధ్వంసమైంది, అక్కడి దుకాణాలు కొన్నాళ్ళు మూతపడ్డాయి. హుడీ పోయింది. ఇంత జరుగుతుంటే ఆ పిల్లవాడి తల్లి, ఇందులో తప్పేమీ లేదు, ఊరికే రాద్ధాంతం చేయకండి అంది.

తల్లే తప్పులేదన్నాక మిగతావాళ్ళకెందుకు అని చాలామంది అడిగారు. అడగదగిన మాటే. నాకు తోచిన జవాబు ఇది. ఆమెకు నొప్పి కలగకపోతే ఆమెను నొచ్చుకోమని ఎవరూ బలవంతం చేయకూడదు. ఆ కుటుంబాన్ని తిట్టినవాళ్ళు చాలా తప్పు చేశారు. కానీ దుకాణం ఒక్క ఇంటి కోసం సరుకు పెట్టదు. తెల్లవాళ్ళ పాలన 1994 దాకా సాగిన దేశంలో ఎన్నో ఇళ్ళలో తాతలు అదే తిట్టు తిని బతికారు. బడి ఆవరణలో వాళ్ళ మనవళ్ళను ఆ మాటతో పిలవడానికి ఆ హుడీ ఒక వంక అవుతుంది. ఒకరికి తగలలేదు కాబట్టి దెబ్బే లేదనడం, కొందరికి తగిలింది కాబట్టి అందరికీ తగలాలనడం, రెండూ నాకు ఒప్పవు. ఎంతమందికి తగిలిందనే లెక్క కంటే, తగిలినవాళ్ళు ఆ తిట్టును ఇదివరకు ఎలాంటి చోట్ల, ఎవరి నోట విన్నారన్నది చూడాలి.

ఇదంతా ఎక్కడో దూరదేశపు గొడవ అనుకునేవాళ్ళను ఒకసారి మా వైపు రమ్మంటాను. సింగరేణి మండలానికి కారేపల్లి కేంద్రం. దేశానికి బొగ్గునిచ్చే కంపెనీకి పేరిచ్చిన సింగరేణి ఊరు మా పక్కనే. డోర్నకల్ నుంచి కొత్తగూడెం వెళ్ళే రైలు దారిలో ఇల్లెందు పాయ విడిపోయేది మా స్టేషన్‌లోనే. ఊరి చుట్టూ లంబాడా తండాలు. ఇల్లెందు దాటి అడవి చిక్కబడే కొద్దీ కోయగూడేలు. మాకు నల్లజాతి, తెల్లజాతి అన్న మాటలు పుస్తకాల్లోవి. తండా, గూడెం, ఊరు అన్నవి మాత్రం పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఎవరి బట్ట చూసి ఎవరు నవ్వుతారో కూడా తెలుసు.

మన సినిమాల్లో ఆదివాసీ పాట ఒకటి ఉంటుంది. హీరో అడవిలోకి వెళ్ళగానే ఎక్కడి నుంచో ఒక గుంపు దిగుతుంది. నడుముకు ఆకుల లంగాలు, మెడలో పూసలు, తల మీద కోడి ఈకలు, ముఖాన తెల్లచుక్కలు, ఒళ్ళంతా నల్లరంగు, చేతిలో బల్లేలు. నోట అర్థంలేని అరుపులు. ఏ ఊళ్ళోనూ, ఏ గూడెంలోనూ, ఏ కాలంలోనూ లేని మనుషులు వాళ్ళు. హాస్యనటుడు ఈకల కిరీటం పెట్టుకుని కోయదొరగా వచ్చి సోది చెబితే అదొక నవ్వుల సీను. మా చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో ఆ సీను వచ్చినప్పుడల్లా హాలు హాలంతా ఊగిపోయేది. ముందు వరసలో నేల మీద కూర్చున్నవాళ్ళలో గూడెం పిల్లలు కూడా ఉండేవాళ్ళు.

నల్లరంగు పులుముకుని, ఈకలు గుచ్చుకుని, అర్థంలేని భాషలో అరిచే ఆ వేషానికీ, 1830ల నాటి అమెరికా నాటకాల వేషానికీ తేడా ఏమిటో ఎవరైనా చెప్పగలరా? నాకు కనిపించలేదు. అక్కడ దాన్ని సిగ్గుపడాల్సిన పనిగా గుర్తించారు. ఇక్కడ ఇప్పటికీ బడి వార్షికోత్సవానికి పిల్లల చేత వేయిస్తున్నాం. డ్రెస్సులు అద్దెకిచ్చే దుకాణాల్లో ఆకుపచ్చ ప్లాస్టిక్ గుడ్డతో కుట్టిన ఆ లంగాలు వరసగా తగిలించి ఉంటాయి. ఆదివాసీ సెట్ అని అడిగితే ఇస్తారు.

అసలు కోయవాళ్ళ నాట్యపు దుస్తు చూసినవాళ్ళు ఆ ప్లాస్టిక్ ఆకులను భరించలేరు. భద్రాచలం వైపు కొమ్ము కోయ ఆడే మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు కట్టిన తలపాగాలు పెట్టుకుంటారు. భుజాన పెద్ద డోలు. ఆ బరువు మోస్తూనే అడుగు వేస్తారు. ఆట ఊపందుకున్నాక ఇద్దరు మగవాళ్ళు దున్నల్లా తలలు వంచి ఒకరి మీదికి ఒకరు వస్తారు. ఆడవాళ్ళు చేతులు పెనవేసుకుని ఒకే వరుసగా కదులుతూ రేల పాటలు పాడతారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవిదున్నను వేటాడటం నేరం. కాబట్టి ఇప్పుడున్న కొమ్ములు చాలావరకు తాతల నాటివి. వాటిని ఇంట్లో భద్రంగా దాచుకుంటారు. పెళ్ళికో, పండుగకో బయటికి తీస్తారు. ఇప్పుడు మంత్రులు వచ్చినప్పుడు కూడా తీయిస్తున్నారు. వచ్చిన పెద్దమనిషి తల మీద ఆ కొమ్ములు పెట్టి ఫొటో తీసి, మర్నాడు పేపర్లో వేస్తారు. ఆ డోలు కొట్టినవాడికి పోడు పట్టా వచ్చిందా లేదా అన్నది ఆ ఫొటో కింద రాయరు.

మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. కంచుమేళం, కంచుతాళాలతో సమ్మక్క సారలమ్మల కథనూ, కోయ వీరుల కథలనూ గంటల తరబడి పాడిన మనిషి ఆయన. 2024లో కన్నుమూశారు. ఆ పాటలో వందల ఏళ్ళ వంశవృక్షాలున్నాయి, యుద్ధాలున్నాయి, వాగులూ గుట్టల పేర్లున్నాయి. సినిమా పాటలోని అర్థంలేని అరుపులను ఆయన పాట పక్కన పెట్టి చూడండి. ఒక జాతికి భాషే లేదన్నట్టు చూపించడం కంటే పెద్ద అవమానం ఏముంటుంది? ఆ ఆకుల లంగాలను, నల్లరంగును, కోయదొర వేషాన్ని వెనక్కి తీయాలి. దీనికి ఏ కోర్టు తీర్పూ అవసరం లేదు. అద్దె దుకాణంలో అడగడం మానేస్తే చాలు.

ఈ మాటంటే కళాకారుడి స్వేచ్ఛ ఏం కావాలి అని అడుగుతారు. అడిగేవాళ్ళకు 2011 మే నెల గుర్తుచేస్తాను. సిడ్నీ ఫ్యాషన్ వారంలో లీసా బ్లూ అనే కంపెనీ లక్ష్మీదేవి బొమ్మ ముద్రించిన ఈత దుస్తును ఒక మోడల్‌కు తొడిగి నడిపించింది. మన దేశమంతా భగ్గుమంది. కంపెనీ క్షమాపణ చెప్పి తయారీ ఆపేసింది. అప్పుడు డిజైనర్ స్వేచ్ఛ గురించి మాట్లాడిన గొంతులు నాకైతే పెద్దగా వినిపించలేదు. మన దేవత విషయంలో మనకు వెంటనే తెలిసిన నొప్పి, గూడెంవాళ్ళ కొమ్ముల విషయంలో తెలియకపోవడం న్యాయం కాదు. మనం అడిగి పుచ్చుకున్న మర్యాదను వాళ్ళకూ ఇవ్వాలి.

వెనక్కి తీయమనే కేక ప్రతిసారీ సరైన చోట పడుతుందని మాత్రం నేననను. 2020 అక్టోబరులో ఆర్ఆర్ఆర్ సినిమా నుంచి కొమురం భీం పాత్ర టీజర్ వచ్చింది. చివర్లో భీం తల మీద ముస్లింలు పెట్టుకునే టోపీ, కంటికి సుర్మా. అప్పటి ఆదిలాబాద్ ఎంపీ సోయం బాపూరావు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ దృశ్యాలు తీసేయాలన్నారు. నిజాం పాలన మీద జల్, జంగల్, జమీన్ అంటూ పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మనిషి భీం. గోండుల ఇళ్ళలో ఆయన ఫొటో దేవుడి పటాల పక్కన ఉంటుంది. వాళ్ళకు గుండె కలుక్కుమనడం సహజం. సినిమావాళ్ళు ముందుగా ఆ ఇళ్ళకు వెళ్ళి ఒక మాట చెప్పి ఉండాల్సింది.

2022 మార్చిలో సినిమా వచ్చింది. టోపీ తీయలేదు. కథలో భీం ఢిల్లీలో అఖ్తర్ అనే పేరుతో తలదాచుకుంటాడు కాబట్టి ఆ వేషం వచ్చింది. చూశాక నాకు ఆ టోపీ తప్పనిపించలేదు. కథంతా చూడకుండా ఒక ముక్క పట్టుకుని తీసేయమనడం తొందరపాటే. నన్ను బాధపెట్టినది వేరే ఉంది. ఆ సినిమాలో గోండులను గొర్రెపిల్లల్లాంటి అమాయకులుగా ఒక పాత్ర వర్ణిస్తుంది. చివర్లో ఏం కావాలని సినిమాలోని రెండో వీరుడు రాముడు అడిగితే భీం చదువు కావాలంటాడు. గోండు వీరుడు తన పోరాటం తనే నడిపి, తన నేల కోసం తనే ఎదురు నిలిచినవాడు. సినిమాలో మాత్రం ఇంకొకడి దగ్గర అక్షరం అడిగి పుచ్చుకునేవాడయ్యాడు. టోపీ మీద జరిగిన రభసలో పదో వంతు కూడా దీని మీద జరగలేదు. దుస్తు కంటికి కనిపిస్తుంది, అందుకే గొడవ దాని చుట్టూ తిరుగుతుంది. చిన్నచూపు మాటల్లో, కథ నడకలో దాక్కుంటే తప్పించుకుపోతుంది.

ఇక లంబాడా దుస్తు సంగతి. ఇది మా కొట్టు బతికిన సంగతి కూడా. తీజ్ పండుగ ముందూ, పెళ్ళిళ్ళ కాలంలోనూ తండాల నుంచి ఆడవాళ్ళు గుంపులుగా వచ్చేవాళ్ళు. ఎర్రగుడ్డ, నీలిగుడ్డ, పసుపుగుడ్డ. గుడ్డను వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూసి, పళ్ళతో ఒక పోగు తెంపి మరీ తీసుకునేవాళ్ళు. వాళ్ళను మోసం చేయడం ఏ వ్యాపారి వల్లా అయ్యేది కాదు. చిన్న అద్దాల పొట్లాలు, రంగుదారపు ఉండలు, గవ్వలు, లేసు చుట్టలు విడిగా కొనేవాళ్ళు. ఆ గుడ్డ ఇంటికి వెళ్ళాక నెలల తరబడి సూది కింద ఉండేది. చేను పని అయ్యాక, మిరపకాయ కోతకు పోయొచ్చాక, దీపం పెట్టుకుని కుట్టేవాళ్ళు. కుచ్చుల లంగాను ఫేటియా అంటారు. వీపు మీద తాళ్ళతో కట్టుకునే రవిక కాంచళి. నుదుటి మీద బరువైన కుట్టుపట్టీతో తల మీదుగా జారే గుడ్డ టుక్రి. పెళ్ళయిన ఆడవాళ్ళకు చెవుల పక్కన జుట్టుకు వేలాడే వెండి ఘుగ్రి టోప్లి, దండచేతికి బలియాలు. భర్త పోతే అవి తీసేస్తారు. చూడగానే ఆమె కన్నెపిల్లో, ముత్తయిదువో, భర్తను పోగొట్టుకున్నదో తండాలో తెలిసిపోతుంది.

రైళ్ళు రాకముందు ఈ జనం ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసి దక్కనంతా తిరిగారు. సైన్యాలకు తిండి చేరవేశారు. రైలు వాళ్ళ బతుకుదెరువును లాక్కుంది. ఆ పైన ఇంగ్లిషువాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1871లో ఉత్తరాన మొదలై 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చిన ఆ చట్టం కింద, అక్కడ సుగాలీలని పిలిచే లంబాడాలను కూడా చేర్చారు. పుట్టుకతోనే దొంగలన్న ముద్ర. అల్లంత దూరం నుంచే గుర్తుపట్టగలిగే దుస్తు ఉన్న జనానికి ఆ ముద్ర ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. చూసే కళ్ళు అంత త్వరగా మారలేదు. ఆ దుస్తుతో బస్సెక్కిన ఆడమనిషిని సీటు ఖాళీగా ఉన్నా కింద కూర్చోమన్నవాళ్ళను నేను చూశాను. కొట్లో మా నాన్న అక్కా అని పిలిచేవారు. అదే బజారులో వయసుతో పని లేకుండా ఏమే, ఒసే అనేవాళ్ళు ఎక్కువ. సినిమావాళ్ళు ఆ కాంచళిని ఇంకా కురచ చేసి, మెరిసే శాటిన్‌తో కుట్టి, మత్తు పాటల్లో వాడారు. ఆ పాటలు చూసిన కళ్ళతోనే మగవాళ్ళు బజారులో తండా ఆడవాళ్ళ వీపుల వైపు చూశారు. చిన్నవయసు వాళ్ళు చీరలకూ, పంజాబీ డ్రెస్సులకూ మారిపోయారు. బరువు, ఎండ, కుట్టడానికి తీరిక లేకపోవడం, ఇవన్నీ కారణాలే. నవ్వుల పాలవుతామన్న భయం కూడా కారణమే.

ఒకసారి బడి కార్యక్రమానికి పిల్లలకు లంబాడా నాట్యం నేర్పించారు. బట్టలు అద్దెవి. ఆరో తరగతి పిల్లల చెవుల పక్కన ప్లాస్టిక్ ఘుగ్రిలు, చేతుల నిండా బలియాలు. చూడటానికి వచ్చిన తండా అవ్వ ఒకామె మా పక్కన కూర్చుంది. చప్పట్లు మోగుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని, "పెండ్లి గాని పిల్లలకు గవి ఎట్ల పెడతరు బిడ్డా? ఒక్క మాట అడిగితే మేము చెప్పకపోదుమా?" అంది. తర్వాత కాసేపాగి, "మా మనవరాలు గిట్లనే ఏసుకొని బడికొస్తే నవ్విన్రు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఆమెకు ఆట నచ్చింది కూడా. పిల్లలు బాగా ఎగిరారని మెచ్చుకుంది.

ఇక్కడ నేను ఆ డ్రెస్సును వెనక్కి తీయమని అనలేను. ఆకుల లంగా వేరు, ఇది వేరు. ఆకుల లంగా ఎవరిదీ కాదు, అది పక్కవాణ్ణి వెక్కిరించడానికి పుట్టిన వేషం. ఫేటియా కాంచళి నిజంగా ఒక జనం ఒంటి మీద ఉన్నవి, చేతితో కుట్టినవి, అర్థమున్నవి. వాటిని ఇతరులు ముట్టుకోకూడదని గీత గీస్తే ఆ కుట్టుపనే చచ్చిపోతుంది. తండా పెళ్ళికి వెళ్ళిన ఊరి ఆడపిల్లకు వాళ్ళే ప్రేమగా ఆ బట్టలు తొడిగి మురిసిపోవడం మా వైపు ఎన్నో ఇళ్ళలో ఉన్న ముచ్చట. అడిగి వేసుకోవడం, వాళ్ళు తొడిగితే వేసుకోవడం, కుట్టినవాళ్ళకు డబ్బిచ్చి వేసుకోవడం, వీటిలో ఏ అవమానమూ లేదు.

అన్యాయం వేరేచోట జరుగుతోంది. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు తండాల్లో తిరిగి, ముసలమ్మల పెట్టెల్లోని కుట్టు కాంచళులు పట్టుకుపోయారు. అవి ముక్కలుగా కోసి, సంచులుగా, దిండు గలేబులుగా, గోడ మీద పటాలుగా మారి నగరాల్లోనూ విదేశాల్లోనూ అమ్ముడుపోతున్నాయి. కుట్టిన చేతికి దక్కింది ఒక గిన్నె. పేరు కూడా దక్కలేదు.

2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా కంపెనీ కొల్హాపురీ చెప్పులను తోలు చెప్పులంటూ పేరు చెప్పకుండా ర్యాంపు మీద నడిపించినప్పుడు జరిగింది ఇదే. 2019 నుంచి మహారాష్ట్ర, కర్ణాటకల్లోని ఎనిమిది జిల్లాలకు ఆ చెప్పుల మీద భౌగోళిక గుర్తింపు ఉంది. గొడవయ్యాక కంపెనీ మూలాన్ని ఒప్పుకుంది. ఆ ఏడాది డిసెంబరులో రెండు రాష్ట్రాల తోలు పరిశ్రమల సంస్థలతో ఒప్పందం చేసుకుని, అక్కడి పనివాళ్ళతోనే 2000 జతలు చేయిస్తామంది. చెప్పును వెనక్కి తీసుకుని ఊరుకుని ఉంటే ఆ పనివాళ్ళకు ఒక్క రూపాయి వచ్చేది కాదు. ఆ చెప్పులు కుట్టేది దళిత కులాలవాళ్ళు. దక్కన్ పల్లెల్లో వాళ్ళ తాతలు అగ్రకులాల వీధుల్లో చెప్పులు చేతపట్టుకుని నడవాల్సి వచ్చింది. పేరు, కూలి, పక్కన కూర్చోబెట్టి మాట్లాడటం, ఈ మూడూ ఆ కులాలకు బాకీ ఉన్నాయి. కర్ణాటకలోని సండూరులో లంబాడా కుట్టుకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకుని, ఆడవాళ్ళు సంఘంగా పనిచేస్తున్నారు. 2023లో హంపీలో జీ20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా లంబాడా స్త్రీలు చేసిన 1755 కుట్టు వస్తువులను ప్రదర్శించి గిన్నిస్ రికార్డు తెచ్చుకున్నారు. అదే చెయ్యి, అదే సూది మా తండాల్లోనూ ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చే పూనికే రావాలి.

తీసేయడమొక్కటే చాలదని ఇంకో ఉదాహరణ చెబుతాను. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత లోకమంతా రంగు వివక్ష మీద మాట్లాడుతున్నప్పుడు ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. మా బజారు ఫ్యాన్సీ దుకాణాల్లో ఆ ట్యూబు అలాగే అమ్ముడుపోతోంది. పెళ్ళిచూపుల్లో అమ్మాయి చామనఛాయ అని నసిగే నోళ్ళు అలాగే ఉన్నాయి. గూచీ మాత్రం స్వెటర్‌ను తీసేసి ఊరుకోలేదు. ఆ తర్వాత నల్లవాళ్ళ సంఘాలకు 50 లక్షల డాలర్ల నిధి ప్రకటించింది. పెద్ద కంపెనీకి అది పెద్ద మొత్తమేమీ కాకపోవచ్చు. అయినా తీసేయడంతో బాకీ తీరదని ఒప్పుకోవడం నాకు నచ్చింది. మెక్సికో 2022లో ఇంకో అడుగు ముందుకు వేసి, ఆదివాసుల నమూనాలు వాడుకోవాలంటే ఆ సమూహం ఒప్పుకోవాలని చట్టమే చేసింది. అలాంటి చట్టం మనకూ రావాలని నా కోరిక.

మా ప్రాంతంలో కోయలకూ లంబాడాలకూ రిజర్వేషన్ల మీద కొన్నేళ్ళుగా గట్టి తగవు నడుస్తోంది. దాని మీద తీర్పు చెప్పడానికి నాకు అర్హత లేదు. కానీ స్టేజీ మీద మాత్రం ఇద్దరినీ ఒకే మూటలో కట్టి, గిరిజన నృత్యం అని పేరు పెట్టి, కోయ కొమ్ము పక్కన లంబాడా టుక్రి నిలబెట్టి, కింద ఆకుల లంగా తగిలిస్తున్నారు. ఎవరి బట్ట ఎవరిదో చెప్పడానికి కూడా ఓపిక లేని మనం వాళ్ళ సంస్కృతిని కాపాడుతున్నామని చెప్పుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ఖమ్మం, భద్రాద్రి జిల్లాల్లో ఆ రోజు కార్యక్రమాలు పెట్టే ప్రధానోపాధ్యాయులకు, అధికారులకు, యువజన సంఘాలకు నా విన్నపం ఇది. అద్దె దుకాణం నుంచి ఆదివాసీ సెట్ తేకండి. పిల్లల ముఖాలకు నల్లరంగు పూయకండి. మీ బడిలో చదివే తండా పిల్లల నాయనమ్మలను, గూడెం పిల్లల తాతలను వారం ముందే పిలవండి. ఏ బట్ట ఎవరు వేసుకోవచ్చో, ఏది వేసుకోకూడదో వాళ్ళనే చెప్పమనండి. కుట్టించుకుంటే కుట్టుకూలి ఇవ్వండి. ఆ రోజు వాళ్ళను ముందు వరసలో కుర్చీల మీద కూర్చోబెట్టండి.